మహిపాల్ మాట్లాడకూడని అరగంట

“నువ్వు నోరు తెరవొద్దు, నేను మూయొద్దు. గంతేనా?” అంది భవాని కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

“అంతే. స్క్రీన్ చూసినంతసేపు మనసుల ఏమనుకుంటే అది పైకి చెప్పాలె. నేను సాయం చెయ్య. నువ్వు ఏడ తిప్పలు పడుతున్నవో రాసుకుంట,” అన్నాడు మహిపాల్.

తను పనిచేసే వనపర్తి లైబ్రరీకి అతను తయారుచేసిన వెబ్‌సైట్‌ను అందరికీ ఇచ్చేముందు పాఠకులతో వాడించి చూస్తున్నాడు. భవాని గోపాల్‌పేట నుంచి రోజూ బస్సులో వచ్చి గ్రూప్స్‌కు చదువుకుంటుంది. ఏడాదిగా ఆమె కోసం కిటికీ పక్క సీటు ఆపి ఉంచుతున్నాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. తల్లి పోయినప్పటి నుంచి అతనికి మాట తగ్గింది. ఇంట్లో పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు.

“రేపటికి సీటు బుక్ చెయ్యి,” అన్నాడు.

“చేస్తున్న. ముందుగాల దండలేసుకున్న సారు ఫోటో... ఇంకో సారు... ఇంకో సారు. ఇది లైబ్రరీనా, చౌరస్తాల ఫ్లెక్సీనా? సీటు ఏడుంది?”

అతని చెయ్యి మౌస్ వైపు కదిలింది. ఆమె అతని చేతిమీద చిన్నగా కొట్టింది.

“సాయం చెయ్యనన్నవు గదా! ఆ, దొరికింది, అట్టడుగున. కానీ రేపు నేనొస్తనో రానో.”

పెన్ను ఆగింది.

“పైకి చెప్పాలె గదా, చెప్తున్న. రేపు నాగర్‌కర్నూల్ నుంచి నన్ను చూడ వస్తున్నరు. ‘నీ మనసుల ఎవరన్న ఉంటే ఇయ్యాలనే చెప్పు బిడ్డా’ అన్నడు నాయిన. ఉన్నడు. గా మనిషి సీటైతే ఆపుతడు గాని నోరు తెరవడు. ఇప్పుడు తెరవొద్దని రూలు గూడ పెట్టిండు. చెప్పు, నేనేడ నొక్కాలె?”

బయట చినుకులు మొదలయ్యాయి. మహిపాల్ పెన్ను పక్కన పెట్టాడు.

“వాళ్లను రావద్దను.”

“ఏందీ?”

“రేపు మా మేనత్తను తోల్కొని నేనొస్త. ఎప్పుడో రావాలనుకున్న. భయమైంది భవానీ.”

భవాని ఫోన్ తీసి తండ్రి జంగయ్యకు అంతా చెప్పేసింది, నవ్వు ఆపుకోలేక ముక్కలు ముక్కలుగా.

“నాయిన మాట్లాడుతడట. ఇగో.”

మహిపాల్ రెండు చేతులతో ఫోన్ అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంకా ఎవరూ ఒప్పుకోకముందే “మామా...” అనేశాడు.

భవాని కొంగు నోట్లో కుక్కుకుంది.

అవతలి నుంచి జంగయ్య నెమ్మదిగా అడిగాడు.

“రేపు కోడి కొయ్యాల్నా అల్లుడా, కూరగాయలే తింటవా?”