వివరం చెప్పినవారు

మట్టి మేడమ్ అంటే ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. గనిలో బొగ్గంతా తోడేశాక ఆ గొయ్యి పూడ్చి, పైన మంచి మట్టి పరిచి, మళ్ళీ చెట్లు పెంచాలంటే ముందు ఆవిడ వచ్చి చూడాలి. నిలువెత్తు గుంత తీయించి, అందులోకి దిగి, గోడని కత్తితో గీకి, ఏ పొర ఎంత లోతు, ఏం రంగు, జిగటా ఇసుకా అని పైకి కేకేసి చెప్పాలి. పైన కూర్చుని రాసుకునేది ఆవిడ మొగుడే. జీపు నడిపేదీ ఆయనే. మొగుడూ పెళ్ళాలకి ఒకే చోట ఉద్యోగమా అని చుట్టాలు తెగ కుళ్ళుకునేవాళ్ళు.

ఆవిడ చెప్పిన ప్రతి మాటా ఆయన తిరిగి చెప్పాలి. రాతలో తప్పు దొర్లకుండా అదో పద్ధతి. అంతా అయ్యాక ఆయన ఇన్‌స్పెక్టర్‌లా గొంతు బిగించి, "వివరం చెప్పినవారు?" అంటాడు. కాగితంలో ఆఖరి గడి అదే మరి. ఆవిడ "నీ పెళ్ళాం!" అంటుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఇద్దరికీ ఆ ముచ్చట తీరలేదు. వాళ్ళని చూసి ఇంట్లో ఐదేళ్ళ కూతురు కూడా పూలకుండీలో చెంచా గుచ్చి ఇదే ఆట. "పైన నలుపు... అమ్మా, నువ్వూ అనాలి!" అని ప్రాణం తోడేసేది.

ఆ పొద్దున కూడా పిల్ల జీపు తలుపు పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు.

"సాయంత్రం కుండీ ఆట ఆడదామా?"

"ఆడదాం తల్లీ. చీకటి పడకముందే వచ్చేస్తాగా."

ఒట్టు పెట్టించుకున్నాకే వదిలింది.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. గుంత తవ్విన మిషను డ్రైవరు భోజనానికి వెళ్ళాడు. మేడమ్ మట్టిలో కొట్టిన మెట్ల మీదుగా కిందికి దిగింది. లోపల చల్లగా ఉంది. తడిసిన బొగ్గు వాసన. గోడ పైభాగాన మేకు కొట్టి కొలత టేపు వేలాడదీసింది. ఇక గోడ ముందు కూర్చుందంటే ఆవిడకి లోకం పట్టదు, మొగుడూ పట్టడు.

"సున్నా నుంచి ఇరవై. గోధుమ రంగు. సన్నటి వేర్లు."

"సున్నా నుంచి ఇరవై. గోధుమ రంగు. సన్నటి వేర్లు."

"దాని కింద అంతా కలగాపులగం. రాళ్ళు, బొగ్గు ముక్కలు."

"కలగాపులగం. రాళ్ళు, బొగ్గు ముక్కలు."

పూడ్చిన నేల అలాగే ఉంటుంది, తీరూ తెన్నూ లేకుండా. కానీ నడుము కిందికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అక్కడ మట్టి నున్నగా ఉంది. అప్పటికే ఎవరో శ్రద్ధగా కత్తితో గీకినట్టు ఉంది. మధ్యలో ఒక తుప్పు మేకు. తను కొట్టే మేకులాంటిదే, కాకపోతే మొన తనవైపుకి ఉంది.

అవతలి నుంచి కొట్టారా ఏంటి? "ఛఛ, మిషను తిరగేసిన మట్టి. ఏదైనా ఉంటుంది," అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

"ఎనభై కింద నలుపు. తడి."

"నలుపు. తడి. కొంచెం వెంట్రుకలు."

"వెంట్రుకలేంటి? నేనెప్పుడన్నాను?" తలెత్తకుండానే నవ్వింది.

కత్తి మొనకి నల్లగా ఏదో చుట్టుకుని ఉంది. వేరు అనుకుని లాగింది. వచ్చింది... ఇంకా వచ్చింది... మెత్తగా, మూరెడు పొడుగున.

ఆవిడ దాన్ని విదిలించి పారేసింది. చాలు బాబోయ్, ఎక్కేద్దాం.

"అయిపోయింది!" అని అరిచింది.

"వివరం చెప్పినవారు?"

ఈసారి గొంతు బిగించలేదు. చాలా నెమ్మదిగా, చెవి దగ్గరే అడిగినట్టు ఉంది. అయినా అలవాటు కదా, నోరు జారింది.

"నీ పెళ్ళాం."

"నీ పెళ్ళాం."

తిరిగి పలికింది ఆడగొంతు. అచ్చంగా ఆవిడ గొంతే.

తలెత్తి చూసింది. పైన ఎవరూ లేరు. చటుక్కున వెనక్కి తిరిగింది. మెట్లు లేవు. నాలుగు వైపులా నున్నటి గోడలే, అంచు చేతికి అందనంత ఎత్తున.

అప్పుడు పైన మొగుడి మాట వినిపించింది. "అప్పుడే ఎక్కేశావా? నీళ్ళ కోసం జీపు దాకా వెళ్ళొస్తానని చెప్పి మరీ వెళ్ళాను కదే. ఒక్క ముక్క కూడా రాయలేదు!"

"నాకన్నీ గుర్తున్నాయిలే, దారిలో చెప్తా. డ్రైవరు వచ్చాడు, గుంత పూడ్చేయమను. పాప ఎదురుచూస్తూ ఉంటుంది."

అది తన గొంతు. పైనుంచి వస్తోంది.

"ఓయ్! నేనిక్కడున్నా! అది నేను కాదు!" గొంతు చించుకుని అరిచింది. అరుపు నీళ్ళలా గోడలోకి ఇంకిపోయింది.

"ఏదో వినిపించినట్టుందే?" అంటూ ఆయన అంచు దగ్గరికి వచ్చి వంగాడు. సరిగ్గా ఆవిడ కళ్ళలోకి చూశాడు.

"ఖాళీయే," అని వెళ్ళిపోయాడు.

మిషను గురగురమంది. ముందు అడుగున ఉన్న మట్టి వెయ్యాలి, ఆఖర్న పై మట్టి. ఆ పద్ధతి డ్రైవరుకి నేర్పింది ఆవిడే. మోకాళ్ళు... నడుము... మెడ... ఆకాశం ముక్క చిన్నదై, అదీ పోయింది.

ప్రాణం మాత్రం పోలేదు. అదీ ఘోరం. కదలడానికి జాగా లేదు. వేళ్ళతో తడిమితే నున్నటి గోడ, దానికో మేకు తగిలాయి. ఇప్పుడు మేకు తల ఆవిడవైపుకి ఉంది.

ఎంతసేపయిందో ఏమో. గోడకి అవతల కర్... కర్... అని చప్పుడు. చెంచాతో గీకుతున్నట్టు ఉంది.

"పైన నలుపు... అమ్మా, అనవేంటి?"

నా బంగారుతల్లి! ఆవిడకి ప్రాణం లేచి వచ్చింది. పలకబోయి ఠక్కున ఆగిపోయింది. ఇందాక తన మాట తిరిగి పలికినది పైకి వెళ్ళిపోయింది. జవాబు చెప్పిన తను కింద పడి ఉంది. ఇప్పుడు తను పలికితే పైకి పోవచ్చు. మరి పిల్ల?

వద్దు. నేనిక్కడే కుళ్ళిపోతాను గానీ, వద్దు. రెండు చేతులూ పెనుగులాడి పైకి తెచ్చుకుని నోరు నొక్కేసుకుంది.

"అమ్మా, ఆఖరిది అడుగు. నేను చెప్తాగా!"

చెప్పకు తల్లీ... ఎవరడిగినా చెప్పకు...

చేతుల కింద ఆవిడ పెదాలు కదల్లేదు. ఒట్టు, కదల్లేదు.

అయినా చీకట్లో, పక్కనే, ఆవిడ గొంతుతో ఎవరో ముద్దుగా అడిగారు.

"వివరం చెప్పినవారు?"