పదిహేడో వాసం

సముద్రం వీధిలో చివరిల్లు. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు. నడిచినా గుమ్మం వైపు చూడరు. చూసినా… అటక వైపు మాత్రం తలెత్తరు.

అటక మీద మా మావయ్య ఉన్నాడంటారు. పడవలు చేసే వడ్రంగి. జ్వరమొచ్చి పోయి తొమ్మిదేళ్లయింది. గాలి లేచిన రాత్రి పైనుంచి మూడు దెబ్బలు వినిపిస్తాయంటారు—టక్… టక్… టక్. మనిషి పోయినా చెయ్యి ఊరుకోవడం లేదంటారు.

ఆ ఇంట్లో ఉండేది మా మేనత్తా, నేనూ. ఈ కథ సరదాకి చెప్పడం లేదు. కడుపు మండి చెబుతున్నాను. ముందు వీధిలో విన్నది విన్నట్టే చెబుతాను. నా వంతు తర్వాత వస్తుంది.

మావయ్య పోయిన ఏడాదే బీమా ఆఫీసు నుంచి ఒకాయన ఇల్లు చూడ్డానికి వచ్చాడు. పొడుగాటి మనిషి, కొత్త బూట్లు. మసక పడుతోంది. కరెంటు లేదు. అత్త పెరట్లో టార్పాలిన్లు కుడుతోంది. పడవల మీద కప్పే గుడ్డలు కుట్టడమే ఆవిడ పని. "నిచ్చెన అక్కడే ఉంది, ఎక్కి చూసుకోండి" అని అక్కణ్నుంచే కేకేసింది.

నాలుగు మెట్లెక్కాడు. ఐదో మెట్టు మీద కాలు పెట్టాడో లేదో…

టక్.

ఎలుకేమో అనుకున్నాడట.

టక్… టక్.

ఎలుకలు లెక్కపెట్టి కొట్టవు కదా. "ఎవరండీ పైన?" అన్నాడట. మాట సగం గొంతులోనే ఉండిపోయింది. అప్పుడు ఆ చీకట్లోంచి, చెవి పక్కనే అన్నట్టు, ఒక గుసగుస—

"పైకి… రావొద్దు."

అంతే. ఆయన దిగలేదు, రాలిపడ్డాడు. ఒంటి బూటుతో వీధి మలుపు దాకా పరిగెత్తాడు. రెండో బూటు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాం.

తెల్లారేసరికి కథ వీధంతా పాకింది. ఆ తర్వాత ఎవరూ అటక ఎక్కలేదు. కొన్నాళ్లకి బీమా ఆఫీసు నుంచి ఇంకొకాయన వచ్చాడు. ఆయన బండి కూడా దిగలేదు. అద్దం సగం దించి ఇంటిని చూసి, ఏదో గీక్కుని, బండి తిప్పేశాడు.

ఈ ఏడు ఉత్తరం వచ్చింది. బీమాకి కట్టాల్సింది పోయినేటికి మూడింతలు.

అత్త చదివింది. మడిచి కుట్టుమిషన్ సొరుగులో పెట్టింది. "పక్క హోటలాయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడుగా. ఇల్లు ఇచ్చేద్దాం" అంది, పాత చీపురు పారేద్దాం అన్నంత తేలిగ్గా.

ఇంటి మీద బ్యాంకు అప్పుంది. బీమా లేని రోజున అప్పంతా ఒక్కసారే కట్టమంటారు. మూడింతలు బీమా కట్టలేం, అప్పంతా అసలే కట్టలేం. నెలాఖరుకి ఏదో ఒకటి తేలాలి.

నాకు ఒళ్లు మండిపోయింది.

నేను జిరాక్స్ షాపులో పని చేస్తాను. బడి మధ్యలోనే మానేశాను. ఆ తర్వాత నాకు చదువు చెప్పింది ఆ మిషనే. ఊరందరి కాగితాలూ కాపీ తీస్తూ తీస్తూ చదివేదాన్ని. కాగితం ఎక్కడ అబద్ధమాడుతుందో వాసన పట్టడం అలా అలవాటైంది. బీమా ఆఫీసుకెళ్లి మా ఇంటి ఫైలు కాపీ కావాలన్నాను. రేపు రమ్మన్నారు. రేపెళ్లాను. మళ్లీ రేపు రమ్మన్నారు. ఆ బల్ల ముందే కూర్చున్నాను. మూడో రోజు, వదిలితే చాలన్నట్టు, మొహాన కొట్టినట్టు ఇచ్చారు.

తుఫాన్లు ఎక్కువయ్యాయని ఈ ఏడు రేట్లు పెంచారు; మా ఇంటికి ఎందుకు మూడింతలో అందులో వరసగా రాసుంది. సముద్రానికి దగ్గర—దాన్ని మనం వెనక్కి నెట్టలేం. ఇల్లు పాతది—వయసు తగ్గించలేం, మనకే తగ్గడం లేదు. కరెంటు తీగలు పాతవి—అవి రెండేళ్ల కిందటే మార్చాం, ఎవరూ అడగలేదు. అన్నిటికంటే పెద్ద బరువు చివరి గడిలో ఉంది. 'పైకప్పు వాసాలకు పట్టీలు: లేవు.' అంటే పెద్ద గాలొస్తే కప్పు మొత్తం లేచిపోయే ఇల్లని అర్థం.

లేవా?

మావయ్య మంచం పట్టే ముందు నెల రోజులు అటక మీదే ఉన్నాడు. ఒక్కో వాసాన్నీ గోడకి ఇనప పట్టీతో బిగించాడు. ఆయన చేసిన ఆఖరి పని అదే. అన్నం కూడా పైకే అందించేవాళ్లం.

ఇంకా చూడండి. ముగ్గురు రాసిన ఫారాల్లోనూ ముందు వరండా కొలత ఒకటే. ఆ వరండా తుఫానుకి కూలిపోయి ఆరేళ్లయింది! ఒకడు చూడకుండా రాశాడు. మిగతావాళ్లు వాడి రాత చూసి రాశారు. తొమ్మిదేళ్లుగా వాళ్ల పిరికితనానికి మేం డబ్బు కడుతున్నాం.

ఆఫీసులో గొంతు చించుకుని అరిచాను. ఆ అరుపు ఆపడానికి, ఆ మూడో ఫారం రాసినాయన్నే పంపారు. టేపాయన అంటారు. నడుముకి ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది. మంగళవారం, గాలి విపరీతంగా ఉన్న సాయంత్రం, నేను షాపులో ఉండగా మా ఇంటికెళ్లాడు. అరగంట తిరక్కుండా షాపులో ఊడిపడ్డాడు. మొహంలో నెత్తురు లేదు.

"అమ్మాయ్… మీ ఇంట్లో ఆయన ఉన్నాడు."

"చూశారా సార్?"

"విన్నాను. మూడు దెబ్బలు. నా నెత్తి మీదే."

"విన్నది మీ ఫారంలో ఏ గడిలో రాస్తారు?"

"దానికి గడి లేదమ్మా."

"మరి పట్టీలు లేవని రాశారే, చూసే రాశారా?"

"ముందాయన రాసిందే కదా అని…"

"మొదటాయన బూటు మా తలుపు దగ్గరుంది. రెండో తలుపుకి కూడా ఒకటి కావాలి. మీది ఇచ్చి వెళ్తారా, నాతో వస్తారా?"

వచ్చాడు. నా వెనకే, నాలుగడుగుల దూరంలో.

తీరా వెళ్తే అత్త నిచ్చెనకి అడ్డంగా నిలబడి ఉంది. "ఎవరూ ఎక్కడానికి వీల్లేదు. ఆయన వద్దన్నాడు. బతికున్నప్పుడు ఆయన మాట కాదన్లేదు, ఇప్పుడంటానా?"

"ఇల్లు పోతుందత్తా!"

"పోనీ. ఆయన మాట పోగొట్టను."

ఇక్కడ… నా వంతు వచ్చింది.

తొమ్మిదేళ్లు ఈ మాట నా నోట్లో ముల్లులా ఉంది. ఉమ్మలేదు, మింగలేదు.

"వద్దన్నది మావయ్య కాదు," అన్నాను. "నేను."

ఆ రోజు నాకు పన్నెండేళ్లు. బడి ఎగ్గొట్టి అటక మీద దాక్కున్నాను. కరెంటు పోయింది. నిద్రపట్టేసింది. నిచ్చెన కిర్రుమంటే మెలకువొచ్చింది. అత్తే వస్తోందనుకున్నాను. మావయ్య చెక్కసుత్తి చేతికి తగిలింది. కొట్టాను. కిందనుంచి వచ్చిన సగం మాట ఎవరిదో పోల్చుకోలేదు, గొంతు మార్చి గుసగుసలాడాను. బూటు పడ్డ చప్పుడయ్యాక గానీ వచ్చింది అత్త కాదని తెలీలేదు. మర్నాడు చెప్పేద్దామనుకున్నాను. కానీ ఆ రాత్రి అత్త అటక కింద నిలబడి, నవ్వుతూ ఏడుస్తూ, "ఉన్నావా?" అని అడగడం చూశాను. ఇంక నోరెలా వస్తుంది?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఒక్క రోజు తప్ప నేనెప్పుడూ కొట్టలేదు; ఈ రెండు మూడేళ్లుగా గాలి రాత్రుల్లో కొడుతున్నది నేను కాదు. నేను పుట్టించిన దెయ్యం నాకే ఎదురు తిరిగింది. నాకూ భయమే. అందుకే నేనూ ఎక్కలేదు. పిరికివాళ్లని ఎవరెవర్నో తిట్టాను గానీ, ఆ వరసలో ముందు నిలబడాల్సింది నేనే.

టేపాయన గోడకి అతుక్కుపోయాడు.

"రోజూ చెప్పుకున్నానే," అంది అత్త, మెల్లగా. "మిషన్ ఆగిపోయిందనీ, మోకాలు సలుపుతోందనీ… పడుకునే ముందు రోజూ. ఎవరికి చెప్పుకున్నానే అదంతా?"

అత్త అడ్డం తప్పుకుంది.

నిచ్చెన తనే లాగి అటకకి ఆనించింది. "ఎక్కండి," అంది టేపాయనతో. ఆ గొంతు విన్నాక ఆయనకి దెయ్యమే నయమనిపించి ఉంటుంది. ఎక్కాడు. వెనకాల నేను.

దుమ్ము. ఉప్పు వాసన. టార్చి వెలుగులో వాసాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ప్రతిదానికీ ఇనప పట్టీ. ప్రతి పట్టీ పక్కనా పెన్సిల్‌తో మావయ్య వేసిన అంకె.

"ఒకటి… రెండు… మూడు…"

టేపాయన గొంతు మెల్లమెల్లగా మనిషి గొంతయింది. పదిహేను, పదహారు…

టక్.

టేపాయన లెక్క ఆగింది.

టక్… టక్.

టార్చి అటు తిరిగింది. పదిహేడో వాసం. ఉప్పుగాలికి మేకు తుప్పుపట్టి విరిగిపోయింది. పట్టీ ఒక కొస ఊడి వేలాడుతోంది. పెంకుల సందుల్లోంచి గాలి దూరినప్పుడల్లా ఊగి చెక్కకి తగులుతోంది.

టేపాయన దాన్ని వేలితో పట్టుకున్నాడు. చప్పుడు ఆగింది. వదిలాడు. టక్. "ఇదా!" అని పగలబడి నవ్వాడు. "ఇదా మీ మావయ్య!"

నాకు నవ్వు రాలేదు. ఎవరో ఒకరు ముందే ఎక్కి చూసుంటే ఎప్పుడో బిగించేవాళ్లం. ఈ ఏడు పెద్ద గాలొస్తే కప్పు లేవడం అక్కణ్నుంచే మొదలయ్యేది.

చప్పుడు విని అత్త కూడా పైకొచ్చింది. ఆ ఊడిన పట్టీని చూసింది. ఇనప సుత్తీ కొత్త మేకూ అడిగి తీసుకుని బిగించింది. మేకు దిగిపోయాక కూడా చాలాసేపు కొడుతూనే ఉంది.

ఇరవై నాలుగు వాసాలు. ఇరవై నాలుగు పట్టీలు. టేపాయన ఫారం మీద 'ఉన్నాయి' అని రాసి సంతకం పెట్టాడు. వారంలో కొత్త ఉత్తరం వచ్చింది. సముద్రమూ, ఇంటి వయసూ ఎక్కడివక్కడే ఉన్నా, కట్టాల్సింది పోయినేటి కంటే కాస్త తక్కువే. హోటలాయనకి ఇల్లు ఇవ్వడం లేదని చెప్పేశాం. తొమ్మిదేళ్లు ఎక్కువ కట్టించుకున్నది తిరిగివ్వరా అని ఆఫీసులో అడిగాను. దానికి కూడా గడి లేదట.

ఇల్లు నిలబడింది. అత్త మాత్రం నాతో మాట్లాడ్డం మానేసింది. కంచం పెడుతుంది, మాట పెట్టదు. ఆ మంగళవారం రాత్రే చెక్కసుత్తి తెచ్చి నా పక్క మీద పడేసింది. "నీ సొమ్ము. నువ్వే ఉంచుకో." అంతే. పదకొండు రోజులు ఇంట్లో ఒకటే నిశ్శబ్దం. కిందా, పైనా.

నిన్న రాత్రి గాలి లేదు. ఆకు కదల్లేదు. సముద్రం కూడా ఉందా లేదా అన్నట్టుంది. అత్త మంచం మీద అటు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని నాకు తెలుసు. పడుకునే ముందు మాట్లాడ్డానికి ఇప్పుడు ఆవిడకి ఎవరూ లేరు.

అప్పుడు—

టక్.

కళ్లు తెరిచాను.

టక్… టక్.

అత్త దిగ్గున లేచి నా వైపు చూసింది. తలగడ కిందనుంచి చెక్కసుత్తి తీసి చూపించాను. రెండో చెయ్యి కూడా ఎత్తి చూపించాను.

అత్త మంచం దిగింది. అటక కింద నిలబడింది. నడుం మీద చేతులు పెట్టుకుంది. వీధి చివరి దాకా వినపడేలా విరుచుకుపడింది.

"పదకొండు రోజులు! ఎక్కడికి పోయావ్? లేవనుకున్నానయ్యా! రెండోసారి నిన్ను… సరే. విను. పదిహేడోది ఊడింది. నేనే బిగించాను. గట్టిగా ఉంది. ఇల్లు ఎక్కడికీ పోదు. ఇంక నోరు మూసుకుని పడుకో!"

చప్పుడు ఆగింది.

అత్త వచ్చి పడుకుంది. చాలాసేపటికి, నా వైపు తిరక్కుండానే, "దుప్పటి కప్పుకోవే, చలేస్తుంది," అంది.

కప్పుకున్నాను.

పైన ఇంకొక్క దెబ్బ పడింది. చిన్నగా… సరేలే అన్నట్టు.