గడ్డానికి మినహాయింపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఊరందరికీ చెబుతుంది. చెప్పనీ. రంగుల్లో కలిపే థిన్నర్ తయారుచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగం చేస్తూ చల్లగా ఉండగలిగినవాళ్ళెవరైనా ఉంటే చూపించండి, దణ్ణం పెడతాను.

ఆ రోజు మాస్కు టెస్టు. ట్యాంకుల్లోకి దిగి కడిగేవాళ్ళందరికీ ఏడాదికోసారి చెయ్యాలి. మనిషికి మాస్కు తొడిగి, తల మీంచి ప్లాస్టిక్ ముసుగు వేసి, అందులోకి చేదు మందు తుంపర కొడతాను. నోటికి చేదు తెలిసిందంటే మాస్కు సందుల్లోంచి గాలి దూరుతున్నట్టే. అలాంటి మనిషి ట్యాంకులోకి దిగకూడదు. గడ్డం ఉన్నవాళ్ళకైతే అసలు టెస్టే చెయ్యకూడదని రూలు. మాస్కు అంచు చర్మానికి అతుక్కోదు మరి.

పద్నాలుగో మనిషి గడ్డంతో వచ్చాడు. కొత్తగా చేరిన ఆపరేటరు. ఒత్తుగా, నల్లగా, శ్రద్ధగా కత్తిరించుకున్న గడ్డం.

గీసుకుని రమ్మన్నాను. తీస్తే పదో తరగతి పిల్లాడిలా ఉంటానని, సెక్షన్‌లో ఎవడూ తన మాట వినడని, పైగా పెళ్ళి సంబంధాలకి పంపిన ఫొటోలో గడ్డం ఉందని, ఇప్పుడు తీసేస్తే మోసం కింద వస్తుందని చెప్పుకొచ్చాడు. వెనకాల వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మండాల్సినంత మండలేదు, అదే తప్పు.

"పోనీ టెస్టు చేసి చూడండి మేడమ్. చేదు తెలిస్తే మీరన్నట్టే చేస్తా," అన్నాడు.

రూలు పక్కనపెట్టి చేశాను. ముసుగులోంచి నన్నే చూస్తున్నాడు. తుంపర కొట్టి, తెలుస్తోందా అని అడిగాను. లేదన్నాడు. అంటూ కళ్ళు చిట్లించాడు, గుటక మింగాడు. అంతా చూశాను. చూసి కూడా కాగితం మీద సంతకం పెట్టాను.

తర్వాత మూడు వారాలు ఏదో వంకతో రోజూ ఆ సెక్షన్‌కి వెళ్ళి అతన్ని తిట్టాను. గ్లవ్స్ చిరిగాయని ఒకరోజు, డ్రమ్ము మీద లేబుల్ లేదని ఇంకోరోజు. బుద్ధిగా తిట్టించుకుని, ఇంకేమైనా మిగిలాయా మేడమ్, రేపు సెలవు పెడుతున్నాను అనేవాడు. మిగిలినవీ తిట్టి వచ్చేదాన్ని. ఒకరోజు వాన పడుతుంటే ఆఫీసు దాకా గొడుగు పట్టాడు. సగం వాన అతని భుజం మీదే పడింది. దానికీ తిట్టాను.

నాలుగో వారం ట్యాంకు కడుగుతూ లోపలే పడిపోయాడు. పైన కాపలా ఉన్న మేస్త్రి, అతని నడుముకి కట్టిన తాడు పట్టుకుని లాగాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే అంతే సంగతులు.

కళ్ళు తెరిచాడని ఆస్పత్రి నుంచి ఫోనొచ్చేదాకా బల్ల ముందు నుంచి లేవలేదు. వచ్చాక అరికాలి మంట నెత్తికెక్కింది. ట్యాంకులోంచి ఆవిరి లాగే ఫ్యాను చెడిపోయి పదిరోజులైంది. మార్చమని మేనేజరుకి రెండు ఉత్తరాలు రాశాను, దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఇప్పుడాయన నన్ను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, "చూడమ్మా" అని మొదలుపెట్టాడు. ఉత్తరాలు రాసినప్పుడు ఈ అమ్మ ఎక్కడికి పోయిందో. లోపల మాస్కు అతనే తీసేశాడని నేను రిపోర్టు రాస్తే ఫ్యాక్టరీకి మాట రాదట, నా సంతకానికీ రాదట. అతని ఉద్యోగం పోతుంది కదా అన్నాను. ఇంకోటి చూసుకుంటాడులే అన్నాడు.

తలుపు ధడాలున వేసి నేరుగా ఆస్పత్రికి వెళ్ళాను. మంచం పక్కన వాళ్ళమ్మ కూర్చుని ఉంది. నేనెవరో చెప్పకముందే, రోజూ తిట్టే మేడమ్ మీరేనా అని అడిగింది. అవునన్నాను. ఇంటికొచ్చి ఆ తిట్లన్నీ పూస గుచ్చినట్టు అప్పజెబుతాడని నవ్వింది.

అతను మాత్రం నవ్వలేదు. మేనేజరు మనిషి వచ్చి వెళ్ళాడని, మాస్కు తీసేశానని తను ఒప్పేసుకుంటానని అన్నాడు.

"తీశావా?"

"లేదు. కానీ తియ్యలేదంటే మీ సంతకం మీదకొస్తుంది కదా."

"నన్ను కాపాడమని నిన్నెవరడిగారు? ఆ రోజు చేదు తెలిసిందా, లేదా?"

తల దించుకున్నాడు. "గొంతుదాకా తెలిసింది."

"ఒక అబద్ధంతో ట్యాంకులో పడ్డావు. ఇప్పుడు రెండోది చెప్పావంటే ఆ ఫ్యాను అలాగే ఉంటుంది, రేపు ఇంకొకడు పడతాడు. వాడు లేస్తాడని నువ్వు హామీ ఇస్తావా?"

వాళ్ళమ్మ లేచి కొడుకు మోచేతి మీద ఒక్కటిచ్చింది. ఆవిడ నాకు తెగ నచ్చింది.

వారం తర్వాత ఫ్యాక్టరీ మీటింగు గదిలో విచారణ. ప్రభుత్వం తరఫు ఇన్‌స్పెక్టరు యాభై దాటినావిడ, ప్రతి మాటా గుమాస్తా చేత రాయిస్తోంది. అతను వాళ్ళమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. మాస్కు తియ్యలేదని చెప్పాడు. టెస్టులో అబద్ధమాడానని కూడా చెప్పాడు. నా వంతు రాగానే ఫ్యాను ఉత్తరాల కాపీలు బల్ల మీద పెట్టాను. మేనేజరు మొహం మాడిపోయింది. గడ్డంతో ఉన్న మనిషికి టెస్టు చెయ్యడం నా తప్పేనన్నాను.

"అతను అబద్ధం చెబుతున్నాడని అప్పుడు అనుమానం రాలేదా?" అని ఇన్‌స్పెక్టరు అడిగింది.

"వచ్చింది. గుటక మింగడం చూశాను."

"మరి సంతకం ఎందుకు పెట్టారు? ఎవరైనా ఒత్తిడి చేశారా?"

మేనేజరు చేశాడంటే చాలు, నేను గట్టెక్కేదాన్ని. కానీ అది నిజం కాదు. నా మీద నాకున్న కోపమంతా గొంతులోకొచ్చింది.

"ఎవరూ చెయ్యలేదు. అతను నాకు నచ్చాడు. ఆ గడ్డంతోనే నచ్చాడు. పోయి గీసుకుని రా అని గట్టిగా అనలేకపోయాను. నా ముచ్చటకి ఒక ప్రాణం పోయేది. అలాగే రాయించండి."

గుమాస్తా కలం ఆగింది. ఇన్‌స్పెక్టరు రాయమని సైగ చేసింది. ఫ్యాను మార్చేదాకా ట్యాంకుల పని ఆపెయ్యాలని మేనేజరుకి, మూడు నెలలు ఏ టెస్టు కాగితం మీదా సంతకం పెట్టకూడదని నాకు, అక్కడికక్కడే ఆర్డరు రాసిచ్చింది. న్యాయంగానే ఉంది. నా కోపం మాత్రం తగ్గలేదు, అతని వైపు చూడకుండా కూర్చున్నాను.

తర్వాత పద్ధతి ప్రకారం నా వాంగ్మూలం అతని ముందు పెట్టారు. దెబ్బ తిన్న మనిషి చదివి, అభ్యంతరాలుంటే కింద రాసి, సంతకం చెయ్యాలి. చదివాడు. చివరి నాలుగు లైన్లు వేలు పెట్టి మళ్ళీ చదివాడు. వాళ్ళమ్మ పక్కనుంచి తొంగిచూసి, తొందరగా పెట్టరా, ఆ అమ్మాయి మనసు మార్చుకుంటే కష్టం అంది.

అతను కలం అందుకుని అభ్యంతరాల గడిలో రాశాడు: "మేడమ్ ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే, నిలబడ్డచోటే గీసేసుకునేవాణ్ణి."