ఒక్కసారే వినిపించిన పిలుపు

ఎలీషబా పొద్దున్నే సంకటి కెలుకుతుంటే మామ సత్యానందం వచ్చి, ఎండెక్కేసరికి గిద్దలూరు నుంచి దస్తావేజులు రాసే చెన్నకేశవులు వస్తాడని చెప్పాడు. వీలునామా రాయించాలి. పోయిన పెద్దకొడుకు వంతు సగం చేను మనవరాలు ప్రేమకుమారిది. పిల్ల పెద్దదయ్యేదాకా తల్లి ఎలీషబాయే చూసుకోవాలి. ఆ కాగితం లేకపోతే మరిది ఏబేలు చేనుతోపాటు పిల్లనూ తన చేతిలో పెట్టుకుంటాడని ఎలీషబా భయం.

అత్త దానమ్మ భయం వేరు. బతికుండగానే చావుకాగితం ఏందని సణుగుతూనే ఉంది. పెద్దకొడుకు మిట్టమధ్యాహ్నం ఎవరో పిలిస్తే పలికాడు. ఆ సాయంత్రమే జ్వరాన పడి మళ్లీ లేవలేదు. దయ్యం ఒక్కసారే పిలుస్తుందని దానమ్మ చెప్పడంతో, అప్పటినుంచి ఆ ఇంట్లో మూడుసార్లు పిలిస్తేగాని ఎవరూ పలకరు.

ఎండ నడినెత్తికొచ్చింది. మామ దొడ్లో ఉన్నాడు. ఉన్నట్టుండి మేకలు అరవడం మానేశాయి.

"ఎలీషబా."

ఆమె పాపను గుండెకు అదుముకుని, బిగుసుకుపోయి కూర్చుంది. రెండో పిలుపు రాలేదు.

చెన్నకేశవులు వచ్చి చూసేదాకా ఎవరూ దొడ్లోకి పోలేదు. మామ గడ్డివాము పక్కన పడున్నాడు. ఎడమపక్క చచ్చుబడింది. నోట మాట లేదు. ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు.

"మాట్లాడలేని మనిషి కాడ వేలిముద్ర ఏంది వదినా?" అన్నాడు ఏబేలు. "అది ఆయన మాటో నీ మాటో ఎవురికి తెలుసు?"

తెలివుంటే చాలునన్నాడు చెన్నకేశవులు. చదివింది విని తలూపి, ఇద్దరు సాక్షుల ఎదుట తన వేలు తానే వేస్తే దొరల చట్టం ఒప్పుతుంది. ఒక సాక్షి తాను. రెండోవాళ్లెవరు? ఏబేలును చూసి వాకిట్లో జనం తలలు దించుకున్నారు. దానమ్మ గోడకు తిరిగి కూర్చుంది.

ఎలీషబా మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. "నువ్వు పిలిస్తే పలకలేదు మామా. దయ్యమనుకున్నా."

ముసలాయన ఆమెను వింతగా చూశాడు. మెల్లగా తల అడ్డంగా ఊపాడు. తాను పిలవలేదు.

ఇల్లంతా చల్లబడినట్టయింది. దానమ్మ ఇటు తిరిగింది.

"ఎట్లుండె ఆ గొంతు?"

ఎలీషబా పాప ముఖంకేసి చూసింది.

"మా పెద్దోడిదా?"

ఎలీషబా తలూపింది.

దానమ్మ దొడ్డి వాకిలికేసి చూసింది. "వాళ్ల నాయన పడిపోయినాడని చెప్పేదానికి వచ్చినాడు నా బిడ్డ," అంది. తర్వాత చెన్నకేశవులు దగ్గరికి జరిగింది. "రాయి నాయనా. సాక్షి నేనుంటా. ఏబేలూ, మీ నాయన్ను లేపి కూర్చోబెట్టు."

ఏబేలు తల్లి ముఖం చూసి, తండ్రి వీపు కింద చేయి వేశాడు. చదివిన ప్రతి మాటకూ ముసలాయన తలూపి, కుడి బొటనవేలు తానే ఆనించాడు.

"అప్పుడే దొడ్లోకి పోయుంటే మామకు మాటన్నా దక్కేది అత్తా," అంది ఎలీషబా వెక్కుతూ.

దానమ్మ సిరా అంటిన చేత్తోనే కోడల్ని దగ్గరకు తీసుకుంది.

"పలకొద్దని నీకు నేర్పింది నేనే గదమ్మా."