ఆదివారం వచ్చిన ఫోను

మంగళవారం పొద్దున కోడలు వంటింట్లోకి అడుగుపెట్టేసరికి తల్లీకొడుకుల మాటలు టక్కున ఆగిపోయాయి. అత్తగారు పొయ్యి మీద పాల వైపు తిరిగింది. భర్త తాను తాగిన కప్పును కడగడం మొదలుపెట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన ఎంగిలి కప్పు తాను కడిగిన పాపాన పోలేదతను. కోడలు ఆ కప్పును గమనించింది. గమనించడమే ఆమె ఉద్యోగం.

ఊరంతా శాఖలున్న ఒక పెద్ద రక్తపరీక్షల సంస్థలో కంప్యూటర్ల భద్రత మొత్తం ఆమె చేతి కింద ఉంటుంది. వెనకాల అందరూ ఆమెను పోలీసమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడాను. నెలకోసారి తానే ఒక దొంగ మెయిలు తయారుచేసి సిబ్బందికి పంపుతుంది, మీ జీతం పెరిగింది, ఇక్కడ నొక్కి చూసుకోండి అని. ఆశపడి నొక్కినవాళ్ళ బల్ల మీద మర్నాటికల్లా దూదితో చేసిన గొర్రెబొమ్మ ఒకటి వచ్చి కూర్చుంటుంది. నెల తిరిగేదాకా అది అక్కడే ఉండాలి, వచ్చేపోయేవాళ్ళు చూసి నవ్వుకోవాలి. సిగ్గుపడితేనే బుద్ధి వస్తుందని ఆమె గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని ఆఫీసులో వదిలి ఇంటికి వచ్చే రకం కాదామె. ఇంట్లోవాళ్ళ కోసం ఇంకో చిన్న గొర్రెను కొనుక్కొచ్చింది. వేరే నంబర్ల నుంచి మెసేజీలు పంపేది, తెలిసినవాళ్ళతో ఉత్తుత్తి ఫోన్లు చేయించేది. అర్జెంటు అన్నవాడు ఎవడైనా సరే దొంగే అనుకోండి, మారు మాట్లాడకుండా పెట్టేయండి అని పాఠం చెప్పేది. అయినా ఒకసారి అత్తగారు అలాంటి ఉత్తుత్తి ఫోనులోనే బ్యాంకు నుంచి అన్న గొంతును నమ్మి అడిగినవన్నీ చెప్పేసింది. ఆవేళ భోజనాలకు ఆవిడ తమ్ముడూ మరదలూ వచ్చి ఉన్నారు. వాళ్ళు చూస్తుండగానే గొర్రెబొమ్మ వచ్చి అత్తగారి కంచం పక్కన కూర్చుంది. అందరూ పడీ పడీ నవ్వారు. అత్తగారు కూడా నవ్వింది. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్, ఆవిడ గొంతు వింటే బడి మొత్తం గప్‌చుప్ అయిపోయేది ఒకప్పుడు. ఆ నవ్వు ఎంత కష్టపడి నవ్విందో కోడలు పట్టించుకోలేదు. తర్వాత ఆవిడ మళ్ళీ మోసపోలేదు కాబట్టి తన పద్ధతి భేషుగ్గా పనిచేస్తోందనుకుంది.

అలాంటి పోలీసమ్మ ఇలాకాలోనే మొన్న ఆదివారం దొంగలు పడ్డారు. మధ్యాహ్నం తల పగిలిపోతోందని మాత్ర వేసుకుని పడుకుందామె, సెల్లు ఆపేసి ఉంది. లేచేసరికి ఎవడో కంప్యూటర్లలోకి చొరబడి, రిపోర్టులన్నీ ఎవరూ తెరవలేకుండా బిగించేశాడు. సోమవారమంతా శాఖల్లో నరకమే. పరగడుపున వచ్చి సూది పొడిపించుకున్నవాళ్ళు, ఆపరేషనుకు రిపోర్టు కావలసినవాళ్ళు కౌంటర్ల మీద పడి అరిచారు.

ఆ ఆదివారం డ్యూటీలో ఉన్నది సైరన్. ఆ మధ్యవయసు ఇంజనీరుకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. ఏ చిన్న తేడా కనిపించినా గోలపెడతాడని ఈ పేరు ఖాయమైపోయింది. దొంగ జాడ కనిపించగానే శాఖల మధ్య కనెక్షన్లు తెంపేసి ఉంటే వాడు ఒక్క శాఖలోనే చిక్కుకుపోయేవాడు. కానీ తెంపమని చెప్పే అధికారం పోలీసమ్మ ఒక్కదానిదే. ఆమె సెల్లు పలకకపోతే ఇంటి ఫోనుకు చెయ్యాలి. చేశానంటున్నాడు సైరన్. ఎవరో పెద్దావిడ ఎత్తి, తన మాట పూర్తి కాకుండానే పెట్టేసిందట. మళ్ళీ చేస్తే మోగి మోగి ఆగిపోయిందట.

ఇంట్లో అడిగితే ఏ ఫోనూ రాలేదన్నారు. చూద్దామంటే ఆఫీసు ఫోన్ల వివరాలు కూడా దొంగ బిగించినవాటిలోనే ఉన్నాయి. ఇంట్లోవాళ్ళ మాట నమ్మాలా, సైరన్ మాట నమ్మాలా? ఆ మధ్య సైరన్ తనంతట తాను ఒక శాఖ కనెక్షన్ తెంపేశాడు. తీరా చూస్తే దొంగా లేడు, గింగా లేడు. దాంతో గొర్రెబొమ్మ నెలంతా అతని బల్ల మీదే కాపురం పెట్టింది. ఆ కక్ష తీర్చుకున్నాడా? దొంగలతో చేతులు కలిపి కావాలనే ఊరుకున్నాడా? ఎవరి వల్ల ఇదంతా జరిగిందో తేల్చి మంగళవారం మధ్యాహ్నానికల్లా చెప్పమన్నాడు ఎండీ. చెప్పాల్సిన పేరు ఆమె అప్పటికే అనుకునేసింది. భద్రత చూడాల్సినవాడే ముంచాడన్న మచ్చ పడితే సైరన్‌ను ఇక ఏ సంస్థా గడప తొక్కనివ్వదు.

అంతా తేలిపోయినట్టే ఉంది గానీ, మంగళవారం పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళేముందు ఎందుకో ఆమె హాల్లో ఉన్న ఇంటి ఫోను చేతిలోకి తీసుకుని వచ్చిన కాల్స్ చూసింది. ఒక్క నంబరు కూడా లేదు. ప్రతి ఆదివారం అత్తగారి చెల్లెలు ఫోన్ చేసి గంటలకొద్దీ మాట్లాడుతుంది. ఆ కాల్ కూడా లేదు. రాకపోవడం వేరు, తుడిచేయడం వేరు. అత్తగారికి ఆ బటన్లు నొక్కడం రాదు. ఇక మిగిలింది ఒక్కడే.

ఆ ఒక్కడి గురించి ఆమె ఆలోచించడం మొదలుపెట్టింది. భర్త భవనాలకు ప్లాన్లు గీస్తాడు. ఈమధ్యే ఇంకో రక్తపరీక్షల సంస్థ కట్టుకుంటున్న భవనం పని అతనికి దొరికింది. పోయిన వారం టీ తాగుతూ, మీ శాఖలన్నీ ఒకదానితో ఒకటి ఎలా కలిసి ఉంటాయని మాటవరసకు అడిగాడు. ఆమె మురిసిపోయి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆదివారం మాత్ర తెచ్చి చేతిలో పెట్టింది అతనే. కర్టెన్లు మూసిందీ, సెల్లు ఆపి బల్ల మీద పెట్టిందీ అతనే. ఇవన్నీ విడివిడిగా చూస్తే ప్రేమగల మొగుడు చేసే పనులే. కలిపి చూస్తే మాత్రం ముందే వేసుకున్న పథకంలా కనిపించాయి.

అందుకే వంటింటి గుమ్మంలో నిలబడి సూటిగా అడిగేసింది.

"ఫోనులో నంబర్లన్నీ నువ్వే తీసేశావు కదూ?"

అతను కప్పు బోర్లించాడు. పాతవన్నీ పేరుకుపోయాయని తీసేశానన్నాడు, గోడతో చెబుతున్నట్టు.

"ఇన్నేళ్ళుగా పేరుకుంటుంటే గుర్తురానిది ఆదివారమే గుర్తొచ్చిందా? పోనీ, నా సెల్లు ఎందుకు ఆపావు?"

"తలనొప్పి అన్నావని ఆపాను. ఏంటి నీ ఉద్దేశం?"

తన ఉద్దేశం ఏమిటో ఆమె దాచుకోలేదు. కొత్త భవనం సంగతి, కాగితం మీద గీసిన బొమ్మ సంగతి, మాత్ర సంగతి అన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసపెట్టి అడిగింది. వింటున్న కొద్దీ అతని ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. చివరికి కుర్చీలో కూలబడ్డాడు.

"నేను నీకు మాత్ర ఇచ్చి పడుకోబెట్టి నీ ఆఫీసును దొంగలకు అప్పగించానంటావా?" అన్నాడు నెమ్మదిగా. "మనిషిని చూడటం ఎప్పుడో మానేశావు నువ్వు. ఎవరిని చూసినా తప్పు ఎక్కడుందా అనే వెతుకుతావు."

ఆ మాట ఆమెకు తగిలింది. తగిలినందుకు ఇంకా మొండికేసింది. ఇంట్లో ఎవరూ నిజం చెప్పకపోయినా తనకు ఇబ్బంది లేదని, సైరన్ పేరే చెప్పేస్తానని అంది. ఫోన్ చేశానని అబద్ధమాడిన మనిషికి ఇవాళే ఉద్యోగం ఊడుతుందని, ఇక అతని పెళ్ళాంపిల్లల సంగతి అతనే చూసుకోవాలని చెప్పి, బ్యాగు భుజాన వేసుకుంది.

అత్తగారు పొయ్యి ఆపింది.

"ఆ అబ్బాయి అబద్ధం ఆడలేదు. ఫోనెత్తింది నేనే."

భర్త వద్దమ్మా అన్నట్టు చెయ్యెత్తాడు. ఆవిడ ఆ చేతిని పక్కకు తోసేసింది. పమిట చెంగుతో చేతులు తుడుచుకుని, బడిలో పాఠం చెప్పినంత నింపాదిగా జరిగింది జరిగినట్టు చెప్పింది. మేడమ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని, చాలా అర్జెంటు అని, దయచేసి లేపమని అడిగాడట అతను. అర్జెంటు అన్న మాట చెవిన పడగానే ఇది కోడలు పెట్టిన పరీక్షేనని ఆవిడకు తోచింది. తలనొప్పి నాటకమాడి, గదిలో నుంచి అంతా వింటోందనుకుంది. మా కోడలు నేర్పిన పాఠం నాకే అప్పజెబుతున్నావా నాయనా అని ఫోను పెట్టేసింది. రెండోసారి మోగినప్పుడు పక్కనే కూర్చుని, మోగనీలే అనుకుని నవ్వుకుంది.

"ఈసారి గెలిచానని సంబరపడ్డానమ్మాయ్," అంది ఆవిడ. "నువ్వు లేచాక చెప్పి మెప్పు పొందాలని ఎదురుచూస్తూ కూర్చున్నాను. నువ్వు లేచి, జుట్టైనా ముడేసుకోకుండా ఆఫీసుకు పరుగెత్తావు. అప్పుడు అర్థమైంది, ఏం చేశానో. వీడికి చెప్పుకుని ఏడ్చాను. నా ఏడుపు చూడలేక వీడు ఆ నంబర్లు తీసేశాడు."

అయినా కోడలికి పాత అలవాటే ముందు వచ్చింది.

"ఆ సాయంత్రమే చెప్పి ఉండొచ్చు కదా అత్తయ్యా. నిన్న అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదా."

"రెండుసార్లు నీ గది గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళాను. తప్పు ఒప్పుకోవడం నాకు కష్టమేం కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు అదే నేర్పాను. కానీ నీకు చెప్పాలంటే భయమేసింది. మళ్ళీ ఆ బొమ్మ తెచ్చి నా కంచం పక్కన పెడతావేమోనని." ఆవిడ పాలగిన్నె మీద మూత పెట్టింది. "ఆరోజు మా తమ్ముడి ముందు నా పరువు పోయిందమ్మా. నవ్వేశాను గానీ, ఆ ముద్ద నాకు దిగలేదు."

కోడలు బ్యాగు కింద పెట్టి ఆవిడ చేతులు పట్టుకుంది. ఎన్నో తరగతుల పిల్లల్ని దిద్దిన చేతులవి. తను ఈ ఇంటికి కాపలా కాస్తున్నాననుకుంది, ఇంట్లోవాళ్ళు తనకు భయపడి తలుపులు వేసుకుంటున్నారని తెలుసుకోలేదు. క్షమించండి అత్తయ్యా అనబోయి అనలేక ఆవిడ భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఊరుకో, ఆఫీసుకు టైమవుతోంది అంటూ అత్తగారూ ఏడ్చింది. భర్త దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అనుమానించినందుకు అతన్ని ఎలా బతిమాలుకోవాలో ఆమెకూ తెలియలేదు. అతని చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు, అంతే.

దారిలో ఒక పాడు ఆలోచన ఆమె వెంటే వచ్చింది. ఫోను వచ్చిన మాట నిజమని సైరన్ కాక ఇంట్లో ముగ్గురికే తెలుసు. నోరు మూసుకుంటే సైరన్ పోతాడు, తను మిగులుతుంది. నోరు విప్పితే ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో మట్టి కొట్టుకుపోతుంది, ఉద్యోగం కూడా పోవచ్చు. అత్తగారు తన గుమ్మం దాకా వచ్చి వెనక్కి ఎందుకు వెళ్ళిందో అప్పుడు ఆమెకు పూర్తిగా తెలిసింది.

మీటింగు గదిలో ఎండీ, విభాగాల పెద్దలు, రిపోర్టుల కౌంటర్లలో పనిచేసేవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. సైరన్ గోడవార నిలబడి ఉన్నాడు. నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి. ఎవరి వల్ల జరిగిందో తేలిందా అని ఎండీ అడిగాడు.

"తేలింది సార్, నా వల్లే," అంది పోలీసమ్మ. "ఇతను మా ఇంటికి ఫోన్ చేశాడు. మా అత్తగారు ఎత్తారు. అర్జెంటు అన్నవాణ్ణి నమ్మొద్దని నేనే నూరిపోశాను కాబట్టి ఆవిడ నమ్మలేదు. కనెక్షన్లు తెంపే అధికారం నా గుప్పిట్లోనే పెట్టుకుని నేను నిద్రపోయాను. నన్ను అడక్కుండా ఇతనే తెంపేసి ఉండొచ్చు. కానీ పోయినసారి అలా చేసినందుకు నెలంతా అందరి ముందూ నవ్వులపాలు చేశాను. అందుకే నా మాట కోసం ఆగాడు. ఎవరి మీదైనా చర్య తీసుకోవాలంటే నా మీద తీసుకోండి."

సైరన్ తలెత్తి చూశాడు. కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎండీ పెన్ను పక్కన పెట్టాడు.

అప్పుడు వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది. రిపోర్టుల కౌంటరులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఆవిడ. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు.

"మేడమ్, వాడు లోపలికి రావడానికి పంపిన దొంగ మెయిలు తెరిచింది నేనే. శుక్రవారం నాడే తెరిచాను. తెరవగానే తేడాగా అనిపించింది. చెబుదామనే మీ గది దాకా వచ్చాను..." అని ఆగిపోయింది.

శుక్రవారమే తెలిసి ఉంటే ఆదివారం అనేదే ఉండేది కాదు. గదిలో తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి, ఆ వెంటనే పోలీసమ్మ వైపు తిరిగాయి. కళ్ళు కనపడవా, ఎన్నిసార్లు చెప్పాలి మీకు అన్న మాటల కోసం అందరూ ఎదురుచూశారు. ఆ మాటలు ఆమె నాలుక చివరి దాకా వచ్చిన మాట నిజం. వాటిని మింగేసి, వరుసల మధ్య నుంచి నడిచి వెళ్ళి, ఆవిడ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"శుక్రవారం నుంచీ ఇదంతా ఒక్కదానివే మోస్తున్నావా?" అని అడిగింది.