వంతెన మీద ఆగిన బదులుబండి

పదకొండు దాటి పది నిమిషాలైనా మస్తానమ్మ రాలేదు. సైదులు చేతిలో పని ఆపకుండానే ఆ సంగతి గమనించాడు. ఆరేళ్లుగా అతనికి గడియారంతో పనిలేదు. పదకొండయ్యేసరికి హద్దుల కార్యాలయం తలుపుకు అడుగున ఉన్న చిన్న రెక్క తోసుకుని ఒక ఆకుపచ్చ బదులుబండి లోపలికి వచ్చేది. ముప్ఫైమంది కూర్చున్న హాలు మధ్యనుంచి నేరుగా అతని బల్ల దగ్గరికి వచ్చి, "ఏరా సైదా, పొద్దున కడుపు ఖాళీ అయిందా?" అని అడిగేది.

బెజవాడలో మనుషులు పగటిపూట వీధిలోకి రావడం మానేసి ఒక తరం గడిచింది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా రోడ్లన్నీ బదులుబండ్లవే. మూరెడు పొడవు బండి. దానికో కన్ను, చెవి, గొంతు. మనిషి ఇంట్లో కూర్చుని చేతిమీటతో దాన్ని నడుపుకుంటాడు. వంకాయలు బేరమాడేదీ, పెళ్లిచూపులకు వెళ్లేదీ, చావింటికి వెళ్లి నాలుగు మంచిమాటలు చెప్పి వచ్చేదీ ఆ బండే. ఒకప్పుడు పిల్లలు ఆడుకున్న రిమోటు కార్లే పెరిగి ఊరేలుతున్నాయని ముసలివాళ్లు నవ్వుకునేవారు.

ప్రతి బండికీ గుండె వంటిది వేగపాలిక, బ్యాటరీ నుంచి మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసే చిన్న పెట్టె. దానికి రెండు హద్దులు. పై హద్దు దాటి ఎక్కువ సెల్లులు తగిలిస్తే పాలిక కాలిపోతుంది. బ్యాటరీ కింది హద్దుకు దిగితే పాలికే మోటారును ఆపేస్తుంది. ఆపకపోతే సెల్లులు ఉబ్బి చచ్చిపోతాయి. ఆ హద్దులు సరిచూడటం చేత్తో పట్టి చేయాల్సిన పని. అందుకే ఈ కార్యాలయంలోకి మాత్రం మనుషులు తెల్లవారుజామున వచ్చి పొద్దుగుంకాక ఇళ్లకు పోతారు. సైదులు పద్దెనిమిదేళ్లుగా ఆ పనిలో ఉన్నాడు.

"మీ అక్కగారు ఇవాళ కూడా ఆలస్యమేనా?" పక్కబల్ల కుటుంబరావు అడిగాడు. "ఆవిడ వచ్చి తిట్టకపోతే నాకు మధ్యాహ్నం ముద్ద దిగదండీ."

సైదులు నవ్వాడు. ఆ నవ్వు తన ముఖానికి ఎవరో అతికించినట్టు అనిపించింది. దారుల తెర మీద సింగ్‌నగర్ వంతెన బొమ్మ తెరిచాడు. వంతెన ఎక్కుడులో, సగం దూరంలో, ఆకుపచ్చ బండి ఆగి ఉంది. వెనక బండ్లు చుట్టూ తిరిగి పోతున్నాయి. పది నిమిషాలకు అది కదిలింది. యాభై అడుగులు పాకి మళ్లీ ఆగింది.

ఎందుకు ఆగుతోందో అతనికి తెలుసు. ఎక్కుడులో మోటారు గట్టిగా లాగుతుంది, వోల్టేజి కుంగుతుంది, కింది హద్దు తగులుతుంది. కాసేపు ఊరుకుంటే బ్యాటరీ తేరుకుని, హద్దుకు ఒక వెంట్రుకవాసి పైకి వస్తుంది. అప్పుడు మరో యాభై అడుగులు. నిజానికి ఆ బ్యాటరీలో సగానికి పైగా శక్తి ఉంది. హద్దే తప్పు. ఆ హద్దు పెట్టింది అతనే.

పదహారు రోజుల కిందట హైదరాబాదు నుంచి పెద్దలు వచ్చారు. సైదులును పెద్ద పరీక్షకుడిగా ప్రకటించే రోజు. వాళ్లు అతని పనితనం మెచ్చుకుంటున్న సమయానికి మస్తానమ్మ బండి వచ్చింది. "మావాడికి ఈ విద్య నేనే నేర్పానండీ, నా బొమ్మకార్ల కొట్లో," అంది, హాలంతా వినబడేలా. "మొదటిసారి రెండు సెల్లుల పాలికకు మూడు సెల్లులు తగిలించాడు. అది భగ్గుమంటే లాగు తడిపేసుకున్నాడు. అప్పటికి పదేళ్ల గాడిద!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో చిన్నచూపు లేదు. ఒకాయన ఆమెకు నమస్కారం కూడా పెట్టాడు. సైదులు కూడా నవ్వాడు. కాని చెవుల వెనక మొదలైన వేడి సాయంత్రం దాకా దిగలేదు. సిగ్గు లాగు గురించి కాదని అతనికి తెలుసు. ఆ కొట్టు గురించి. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి ఆ కొట్లో సోల్డరు పొగ పీలుస్తూ పెంచిన మనిషి గురించి. ఆమె గొంతు విన్నప్పుడల్లా తను కష్టపడి కట్టుకున్న సైదులుగారు కరిగిపోయి, లాగు తడుపుకున్న సైదాగాడు బయటపడతాడు. అక్కను చూసి సిగ్గుపడుతున్నందుకు మరో సిగ్గు. ఆ రెండో సిగ్గు మొదటిదాన్ని తగ్గించలేదు, పెంచింది.

నాలుగు రోజులకు ఆమె బండి సాలీనా పరీక్షకు అతని బల్ల మీదికే వచ్చింది. కింది హద్దు సెల్లుకు మూడు పాయింట్ రెండు వోల్టులు ఉండాలి. అతను మూడు పాయింట్ ఏడు పెట్టాడు. కాగితం మీద మాత్రం మూడు పాయింట్ రెండు అని రాశాడు. అరనిమిషం పట్టలేదు. మనసు ఏమీ అనలేదు. వేలు మాత్రం, పని అయిపోయాక కూడా, హద్దుపలక మీట మీద కాసేపు ఉండిపోయింది.

బండి వంతెన ఎక్కలేకపోతే ఆమె విసుగుపడి రావడం మానేస్తుందనుకున్నాడు. మానలేదు. పన్నెండు రోజులుగా ఎక్కుడులో యాభయ్యేసి అడుగులు పాకి, రెండున్నర గంటలు ఆలస్యంగా అతని బల్ల చేరుకుంటోంది.

ఆ రోజు ఒంటిగంటన్నరకు రెక్క తెరుచుకుంది.

"బండికీ వయసొచ్చిందిరా," అంది మస్తానమ్మ. "అయితేనేం, వంతెన మీంచి రైళ్లు చూశా. నువ్వు తిన్నావా? మొహం అలా ఉందేంట్రా, జ్వరమా?"

"లేదక్కా."

"లేదంటే ఉన్నట్టే. కుటుంబరావూ, వీడి నుదురు చూడు బాబూ. నాకు చెయ్యి లేదు కదా ఇక్కడ."

కుటుంబరావు లేచి వచ్చి సైదులు నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు. "చల్లగానే ఉందమ్మా," అన్నాడు. ఆ చెయ్యి కింద సైదులు కళ్లు మూసుకున్నాడు.

అప్పుడే అధికారిణి హైమవతి గది నుంచి చీటీ వచ్చింది. నెలలో పది రోజులకు పైగా దారిలో ఆగిన బండి మీద విచారణ జరగాలి. బండి పనికిరానిదని తేలితే అక్కడే నుజ్జుచేస్తారు. ఆ మనిషికి మరో బండి ఇవ్వరు. మస్తానమ్మ నడుము విరిగి పదేళ్లయింది. మంచానికీ కిటికీకీ మధ్య ఆమెకున్న కాళ్లు ఆ బండే.

విచారణ మర్నాడు. సైదులు తెల్లవార్లూ ఒక వాక్యం తయారుచేసుకున్నాడు: 'హద్దు మార్చింది నేను.' మూడే మాటలు. చెబితే ఉద్యోగం పోతుంది, మళ్లీ జన్మలో పాలిక ముట్టనివ్వరు. అదంతా సరే అనుకున్నాడు. ఎందుకు మార్చావని అడిగితే ఏం చెప్పాలన్నదే తేలలేదు.

హైమవతి బల్ల మీద ఆకుపచ్చ బండి ఉంది. ఆమె పాలిక జ్ఞాపకాన్ని తెర మీద పెట్టించింది. "కింది హద్దు మూడు పాయింట్ ఏడుకు మార్చబడింది. పరీక్ష జరిగిన తేదీనే. గంట తెలియదు, పాలిక తేదీ ఒక్కటే రాసుకుంటుంది. పై హద్దుకు మన ముద్ర ఉంటుంది కాబట్టి ఎవరూ కదపలేరు. కింది హద్దు అలా కాదు, హద్దులు తెరిచే హద్దుపలక ఉన్నవాళ్లెవరైనా మార్చగలరు. మార్చకూడదు, అంతే." ఆమె తెరలో ఇంకా కిందికి చూసింది. "మరో విచిత్రం. ఆ తర్వాత పన్నెండు రోజులు వరసగా, రోజుకోసారి, ఎవరో హద్దులు తెరిచి చూశారు. ఏమీ మార్చకుండా మూసేశారు. మస్తానమ్మగారూ, మీ ఇంట్లో హద్దుపలక ఉందా?"

"ఉందమ్మాయ్. నా పాత కొట్టుది."

"మార్చిందెవరు?"

సైదులు నోరు తెరిచాడు. గొంతులో ఆ మూడు మాటలూ వరసగానే ఉన్నాయి. ఒక్క ఊపిరి. ఆ ఒక్క ఊపిరి అతను ఆలస్యం చేశాడు.

"నేనే," అంది మస్తానమ్మ. "బండి ఇంటికి రాగానే మార్చా. కింది హద్దు ఎత్తిపెడితే సెల్లులు పదికాలాలు మన్నుతాయని మా పాతకాలపు లెక్క. ఇలా ఎక్కుడులో మొరాయిస్తుందనుకోలేదు."

"రోజూ తెరిచి చూడటం ఎందుకు?"

"ముసలి చాదస్తం. పెట్టిన అంకె ఉందో పోయిందో అని."

హైమవతి కలం తీసింది. అప్పుడు సైదులు లేచాడు. "అబద్ధమండీ. హద్దు మార్చింది నేను. పరీక్షప్పుడు, నా బల్ల మీద. కాగితం మీద దొంగ అంకె రాశాను."

హైమవతి కలం కింద పెట్టింది. ఆమె ముఖం మెత్తబడింది. అతను భయపడిన ముఖాలన్నిటిలో ఆ ముఖం లేదు.

"కూర్చోండి సైదులుగారూ. మీ బాధ నాకు అర్థమవుతుంది."

"బాధ కాదండీ, నిజం."

"పద్దెనిమిదేళ్లలో మీ అంకె ఒక్కటి తప్పలేదు. సొంత అక్క బండికి ఎందుకు తప్పు పెడతారు? కారణం చెప్పండి."

అతను చెప్పాలని చూశాడు. ఆమె గొంతు, కొట్టు, చెవుల వెనక వేడి. నాలుక మీదికి వచ్చేసరికి అవి చిల్లరమాటల్లా ఉన్నాయి. అంత చిన్న కారణానికి ఒక మనిషి కాళ్లు విరగ్గొడతారా? తనకే నమ్మశక్యంగా లేదు.

"వాడి మాట పట్టించుకోకమ్మాయ్," అంది మస్తానమ్మ. "చిన్నప్పట్నుంచీ ఇంతే. నేను పగలగొట్టిన గ్లాసు కూడా తానే పగలగొట్టానని దెబ్బలు తినేవాడు."

అది తలకిందులు మాట. గ్లాసులు పగలగొట్టింది అతను. దెబ్బలు తిన్నది ఆమె. గదిలో ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే.

సైదులుకు తోడుగా వచ్చిన కుటుంబరావు కళ్లు తుడుచుకున్నాడు. హైమవతి తీర్పు రాసింది: బండి మంచిదే, నుజ్జు చేయనక్కర్లేదు, యజమాని హద్దు ముట్టినందుకు ఏడాదిపాటు దారి నిషేధం. గుమాస్తా వచ్చి బండి బ్యాటరీ పీకాడు. మస్తానమ్మ ఏదో చెబుతూ ఉంది. మాట మధ్యలో తెగిపోయింది.

ఖాళీ బండిని చేతుల్లో పెట్టుకుని సైదులు మూడు గంటల ఎండలో బయటికి వచ్చాడు. సాయంత్రం దాకా ఆగమని కుటుంబరావు బతిమాలాడు. "మీలాంటి తమ్ముడు ఉండడండీ," అన్నాడు. ఆ మాట భరించలేకే అతను ఆగలేదు. వీధిలో మనిషిని చూసి బదులుబండ్లు తడబడి పక్కకు తప్పుకున్నాయి. ఒక బండి, "ఏం ప్రమాదమండీ?" అని అడిగింది. గాంధీనగరం దాటేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. అప్పుడు, ఆ సిగ్గంతటి అడుగున, ఒక చిన్న తేలిక కనబడింది: రేపు పదకొండింటికి రెక్క తెరుచుకోదు. దాన్ని చూసి అతను రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. చేసిన పనికంటే ఇదే ఎక్కువ సిగ్గుచేటు. ఎవరికి ఒప్పుకున్నా పోయేది కాదు.

వంతెన ఎక్కుతూ మూడుసార్లు ఆగాడు.

మస్తానమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. అతను ఆ గడప తొక్కి నాలుగేళ్లయింది. రోజూ వస్తూనే ఉంది కదా అనుకున్నాడు అన్నేళ్లూ. మంచం మీద మనిషి ఆ గొంతుకు సరిపోయేంత లేదు. ముంజేతులు కొబ్బరిపుల్లల్లా ఉన్నాయి. ఆమె అతన్ని కింది నుంచి పైకి చూసి, ఒక క్షణం తికమకపడింది.

"నువ్వేనట్రా? ఎప్పుడూ నీ మోకాళ్లూ గడ్డమే చూస్తాను. నెత్తి మీద జుట్టు పోయిందని తెలియనే లేదు."

బండిని మంచం పక్కన పెట్టి అతను నేల మీద కూర్చున్నాడు.

"మొదటి రోజే తెలిసిందా అక్కా?"

"వంతెన మీద ఆగగానే తెలిసింది. బ్యాటరీ మంచిదే, పాలిక మంచిదే. ఇంకేం మిగిలింది? తెరిచి చూశా. ఉంది నీ అంకె."

"రెండు నిమిషాల పని. తీసేసుకుంటే పోయేది."

"పోయేది."

"మరి రోజూ తెరిచి, మార్చకుండా ఎందుకు మూశావు?"

మస్తానమ్మ దుప్పటి అంచు వేళ్లతో సరిచేసుకుంది.

"రోజూ బండిని కాసేపు నీ దగ్గరే వదిలేసేదాన్ని కదరా, చార్జింగు పెట్టుకోడానికి," అంది. "నీ బల్ల కిందే. ఇంటికి రాగానే తెరిచి చూసేదాన్ని, నీ అంతట నువ్వే సరిచేశావేమోనని."