తెర మీద మా ఇందు పేరు

శనివారం పొద్దున్న సూర్యకాంతమ్మ పెసరట్లు వేస్తుండగానే సన్యాసిరావు ఫోను ఆగకుండా మోగడం మొదలైంది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కొట్టున్న మనిషికి ఫోన్లు కొత్త కాదు గానీ, ప్రతి ఫోనుకీ ఇలా మీసం దువ్వుకోవడం మాత్రం కొత్తే. కూతురు ఇందు హైదరాబాదులో ఎడిటింగ్ అసిస్టెంటు. ఆమె పనిచేసిన మొదటి సినిమా నిన్ననే విడుదలైంది. అమ్మానాన్నలతో కలిసి చూడాలని బస్సెక్కి వచ్చేసింది.

"మా బాగుందట నీ సినిమా. నానాజీ బావ ఫోన్ సేసి మరీ సెప్పేడు" అన్నాడు సన్యాసిరావు.

"మామయ్య అప్పుడే హాలుకి వెళ్ళాడా?"

"హాలెందుకు? ఫోన్లో దొరికితే దించి, మార్కెట్ గ్రూపులో ఎట్టేసేను. అందరూ ఇంట్లోనే సూసేత్తన్నారు."

ఇందు చేతిలో అట్టుముక్క అలాగే ఉండిపోయింది.

"నాన్నా, అది దొంగ కాపీ. దించుకోవడమే తప్పు. పదిమందికి పంచితే కేసు పెడతారు, జైలు కూడా పడొచ్చు."

"నేనేటి అమ్ముకున్నానా? ఊరికినే ఇచ్చేను కదమ్మా."

"ఊరికే ఇచ్చినా అంతే. పైగా ఎడిటింగ్‌లో పనిచేసే పిల్ల వాళ్ళ నాన్న ఫోన్లోంచి సినిమా బయటికొస్తే ముందు ఎవరిని అనుమానిస్తారు? నన్నింకెవరైనా పనిలో పెట్టుకుంటారా?"

సూర్యకాంతమ్మ అట్లకాడతోనే వంటింట్లోంచి వచ్చింది. "మన కొట్టుకొచ్చినోడు బెల్లం ముక్క ఇరిసి రుసి సూత్తే మీరేటీ అనరు. దిమ్మ సంకనెట్టుకెళ్ళి ఊరందరికీ పంచేత్తే ఊరుకుంతారేటి?"

సన్యాసిరావు ముఖం చిన్నబోయింది. ఫోను కూతురి చేతిలో పెట్టేశాడు.

గ్రూపులో సినిమా కింద ఆయన రాసింది చదివింది ఇందు. "మా ఇందు సినిమాల్లో పని చేస్తుంది. చివర్లో పేరు పడుతుంది. అందరూ చూడండి." ఇన్నాళ్ళూ మార్కెట్లో 'మా అమ్మాయిది కంప్యూటర్ ఉద్యోగం' అని దాచుకొచ్చిన మనిషి. ఇందుకి కోపం ఎటు పోయిందో తెలియలేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి.

"ఈ మాట ఉంచుతాను నాన్నా. సినిమా తీసేస్తాను."

తర్వాత తనే ఎడిటర్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. "ఆయన దించుకున్న లింకు పంపమ్మా, తీయించేద్దాం. దాచకుండా చెప్పావు, నీ మీద నాకేం అనుమానం లేదు. నాన్నగారికి మాత్రం గట్టిగా చెప్పు" అన్నాడాయన. ఇందు ప్రాణం కుదుటపడింది.

సన్యాసిరావు మాత్రం తిన్నగా మార్కెట్‌కి వెళ్ళి, వేలం మొదలవకముందే బెల్లం దిమ్మల మధ్య నిలబడ్డాడు. "తప్పు నాదే. దించుకున్నోళ్ళు తీసేయండి, ఇంకెవులికీ పంపకండి. మ్యాట్నీకి అందర్నీ నేనే తీసుకెల్తాను" అన్నాడు.

హాల్లో రెండు వరసలు బెల్లం వ్యాపారులే. సినిమా అయిపోయి పేర్లు మొదలవగానే జనం లేవబోతే "కూకోండి, కూకోండి" అని సన్యాసిరావు అడ్డం పడ్డాడు. ఇంతలో పక్కన నానాజీ ఫోను పైకెత్తాడు.

"లోపలెట్టు బావా. తెర మీది బొమ్మ ఫోన్లోకి తియ్యకూడదు" అని సన్యాసిరావు ఆ చెయ్యి పట్టుకుని కిందకు దించేశాడు.

అంతలోనే హాలు చప్పట్లతో హోరెత్తిపోయింది. ఆయన గబుక్కున తెరవైపు తిరిగేసరికి వేరెవరివో పేర్లు వెళ్తున్నాయి.

"అయిపోనాదా?" అన్నాడు బిక్కమొహంతో. "నేను సూడనేదమ్మా."

ఇందు నవ్వుతూనే ఏడ్చేసింది. తండ్రి భుజం మీద తల ఆనించి, "రేపు మళ్ళీ వద్దాం నాన్నా" అంది.

"రేపు మాత్రం నానాజీ అన్నయ్య పక్కన నేను కూకుంతాను" అంది సూర్యకాంతమ్మ, పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "మీరు తెరే సూడండి."